రెండో సాకెట్

"రేపటి వేలానికి నేను వెళ్తానన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

అన్న తల ఎత్తలేదు. బల్ల మీద బోర్లా పెట్టిన పాత వీడియో గేమ్ పెట్టెకు స్క్రూలు విప్పుతున్నాడు. తుప్పు పట్టిన స్క్రూ ఒకటి తిరగనంటే తిరగనని మొండికేసింది. నడుముకు బెల్టు కట్టుకున్నా, వంగినప్పుడల్లా నొప్పి కాలిలోకి జారుతోంది.

"నువ్వెళ్తే ఏం తెస్తావో నాకు తెలీదా? ఖాళీ లారీ తెస్తావు."

"అంతసేపు బస్సులో కూర్చోవద్దని డాక్టరు చెప్పాడట కదా. వదిన పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పింది."

"డాక్టరు చెబుతాడు, మీ వదిన చెబుతుంది. సరుకు లేకుండా కొట్టు ఎలా నడపాలో మాత్రం ఎవరూ చెప్పరు."

పాత యంత్రాలు కొని, విప్పి, పనికొచ్చే భాగాలు అమ్మే కొట్టు అది. తండ్రి పెట్టింది. ఆఫీసులు వదిలించుకునే కంప్యూటర్లు, ప్రింటర్లు వేలంలో దొరికితేనే పొయ్యి వెలుగుతుంది. వేలంలో గెలుపంతా ఒక్క క్షణంలో ఉంటుంది. అవతలివాడు ఊపిరి పీల్చుకునేలోగా చెయ్యి లేవాలి. ముందు లేస్తే నష్టం, ఆలస్యంగా లేస్తే సరుకు పరాయిది. ఇన్నేళ్లూ లేచింది అన్న చెయ్యే. అది అలిసిపోయింది. అయినా తమ్ముడి చేతి మీద అతనికి నమ్మకం లేదు.

"ఒరేయ్, నీకు ఓపికుంది, మంచితనముంది, కాదనను. సమయానికి చెయ్యి ఆడదు. సాక్ష్యం ఇదిగో, నా ముందే ఉంది." స్క్రూడ్రైవర్‌తో గేమ్ పెట్టె మీద తట్టాడు. "చిన్నప్పుడు ఇందులో కారు పందెం ఆడేవాళ్లం. కొన్న రోజున ఏదో గుడ్డెద్దు చేలో పడ్డట్టు గెలిచావు. ఆ తర్వాత ఒక్కసారన్నా నన్ను దాటావా? మలుపులు బాగానే తిప్పేవాడివి. చివర్లో స్పీడు బటన్ నొక్కరా అంటే చేతకాదు."

"నొక్కేవాణ్ణే," అన్నాడు తమ్ముడు.

"నొక్కితే నా కారు ఎగిరినట్టు నీదెందుకు ఎగరలేదు?"

తమ్ముడు చిన్నగా నవ్వి, అటక సర్దడానికి నిచ్చెన ఎక్కాడు.

ఆ పెట్టె దొరికింది ఆ అటక మీదే. పాత వస్తువులు పోగేసే పిచ్చాయన ఒకడు అదే రకానికి బోర్డు కావాలని తిరుగుతున్నాడు. జ్ఞాపకాలకు బజారులో ధర లేదు, బోర్డుకు ఉంది. అందుకే అన్న విప్పడానికి కూర్చున్నాడు.

చివరికి స్క్రూ లొంగింది. మూత లేపితే దుమ్ము, ఎండిపోయిన బల్లి గుడ్ల పెంకులు. ఉఫ్ అని ఊదాడు. అడుగున ఆకుపచ్చ బోర్డు, దాని నడుమ జెర్రి కాళ్లలాంటి కాళ్లతో నల్లటి పెద్ద చిప్పు. ముందు వైపు ఆట రిమోట్లు తగిలించే సాకెట్లు రెండు. ఒక్కో బటన్‌కు ఒక్కో వైరు చొప్పున, సాకెట్ల నుంచి బోర్డుకు రంగురంగుల వైర్లు. మొదటి సాకెట్ అన్నకు, రెండోది తమ్ముడికి. పెద్దవాడిది మొదటిదన్నది ఇంటి చట్టం. ఒక్కసారైనా మార్చుకుని కూర్చున్న పాపాన పోలేదు.

రెండో సాకెట్ నుంచి బయల్దేరిన పసుపు వైరు బోర్డు దాకా చేరలేదు.

ఎలుక కొరికిందేమో అనుకుని భూతద్దం పెట్టాడు. కాదు. కటింగ్ ప్లయర్‌తో నున్నగా తెంపిన వైరు. రెండు కొసలకూ విడివిడిగా నల్ల టేపు, ఆ టేపు ఊడకుండా మీద తెల్లదారం చుట్టి ముడి. టేపు మీద దారం కట్టే అలవాటు అతనికి తెలిసి ఒక్కడికే ఉండేది. కొట్టులో పాత సరుకు ఏది విప్పినా ఆ ముడి కనిపిస్తుంది. తండ్రి ముడి.

మీటరు పెట్టి చూశాడు. పసుపు వైరు స్పీడు బటన్‌దే.

స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. తను ఓడిపోయిన ఆ మొదటి రోజు గుర్తొచ్చింది. కంచం గోడకేసి కొట్టాడు. తమ్ముణ్ణి వీపు వాచేలా బాదాడు. మర్నాడు కూడా తిండి ముట్టలేదు. తండ్రి ఒక్క మాట అనలేదు. పెట్టెలో ఏదో తేడా ఉంది, చూస్తానని కొట్టుకు తీసుకెళ్లి సాయంత్రం తెచ్చిచ్చాడు. అంతే, ఆ తర్వాత తను ఓడింది లేదు.

నిచ్చెన మీద తమ్ముడు అటు తిరిగి దగ్గుతున్నాడు. ఇప్పుడే మూత బిగించేస్తే అడిగేవాడు లేడు. చెబితే, పోయిన తండ్రి మోసగాడవుతాడు. చెప్పకపోతే బతికున్న తను అవుతాడు. ఎటు చూసినా నష్టమే. నష్టం తప్పదని తేలినప్పుడు సరుకును ఇంకా పట్టుకుని కూర్చునేవాడు వ్యాపారి కాడు.

"ఒరేయ్, దిగిరా."

తమ్ముడు దిగాడు. అన్న సొరుగు లాగి, వేలానికి వెళ్లే టోకెన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"రేపు నువ్వెళ్లు. ఇకమీదట కూడా నువ్వే."

"ఇప్పుడేగా ఖాళీ లారీ అన్నావు?"

"అన్నాను. తప్పు నీ చేతిది కాదురా. నీ బటన్‌కి ప్రాణమే లేదు. ఇదిగో చూడు. నాన్నే తెంపాడు, నా కోసం. పాపం, అది తెలీక నువ్వు ఇన్నేళ్లు నాచేత మాటలు పడ్డావు. నాన్న మీద మాత్రం కోపం పెట్టుకోకు."

తమ్ముడు వంగి ఆ దారపు ముడిని వేలితో ఒకసారి తాకాడు. చేతుల దుమ్ము ప్యాంటుకు తుడుచుకుని, టోకెన్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"కోపమెందుకన్నయ్యా," అన్నాడు. "నాన్న తెంపుతుంటే టార్చి పట్టుకున్నది నేనే."