మామ చూసొచ్చే జలపాతాలు

మామ మళ్ళీ జలపాతానికి బయలుదేరాడు.

జీపు వచ్చి ఇంటి ముందు ఆగింది. హారన్ కూడా కొట్టలేదు. పెంచలయ్య బాగుచేస్తున్న వల పక్కన పడేసి, దూలానికి వేలాడే తాడు చుట్ట భుజాన వేసుకుని ఎక్కాడు. ముందు సీటు ఆయనకే వదిలారు.

సుప్రియ గడపలో నిలబడి చూసింది. ఆ ఇంటికి కోడలుగా వచ్చి మూడు నెలలు కాలేదు. జీపు రావడం ఇది మూడోసారి.

"మామ ఎక్కడికి పోతన్నాడత్తా?"

"కోనకి," అంది గురవమ్మ, చేపలు తోముతూ.

"జలపాతం కాడికా?"

"ఊఁ."

"మామ గైడా?"

గురవమ్మ కత్తిపీట మీంచి తల ఎత్తలేదు. "అట్టాంటిదే. ఇంట్లో ఆ మాట ఎత్తబాక."

సుప్రియ పుట్టిల్లు బుచ్చిరెడ్డిపాలెం. అక్కడ ఎటు చూసినా వరిచేలే. నీళ్ళు పైనుంచి కింద పడటం ఆమె చూసింది బోరు గొట్టంలోనే. పులికాటు ఒడ్డున సంబంధం అన్నప్పుడు, పొద్దున పోతే సాయంత్రానికి నెమలికోన చూసి రావచ్చని ఎవరో చెప్పారు. సగం అందుకే తలూపింది. తీరా వస్తే ముసలాయన ఒక్కడే చూసొస్తున్నాడు. కట్టుకున్నదాన్ని ఒక్కనాడు వెంటబెట్టుకు పోయిన పాపాన పోలేదు.

పొద్దు గూకే వేళకు పెంచలయ్య తిరిగొచ్చాడు. ఒంటి మీద బట్టలు తడి. గడప తొక్కలేదు. వాకిట్లో కుళాయి కింద కూర్చుని బకెట్ల కొద్దీ నెత్తిన గుమ్మరించుకున్నాడు. జలపాతం కింద తడిసొచ్చినవాడికి మళ్ళీ స్నానమెందుకో సుప్రియకు అర్థం కాలేదు. మామూలు రోజుల్లో మందు ముట్టని మనిషి, కోనకి పోయిన రోజు మాత్రం గుప్పుమంటాడు. జల్సా బాగానే ఉందనుకుంది.

"జలపాతం ఎట్టుంది మామా?"

"చూళ్ళేదు."

రోజంతా అక్కడే ఉండి చూళ్ళేదట.

మర్నాడు మొగుడి మీద పడింది.

"ఆ కోన మీ నాయన ఒక్కడికే రాసిచ్చినారా? ఈ ఆదివారం నన్ను తీసకపో. లేదంటే బుచ్చికి పోతా. బతిమాలినా రాను."

మధుబాబు తల గోక్కున్నాడు. పెళ్ళాం అన్నంత పనీ చేసే రకమని అప్పటికే తెలిసింది. "నాయన్ని అడగాల," అన్నాడు.

అడిగాడు. పెంచలయ్య అన్నం కలుపుతూనే, "వద్దు," అన్నాడు.

"ఎందుకొద్దు మామా?" సుప్రియే అందుకుంది.

"నీళ్ళెక్కువ."

"తక్కువైతే అది జలపాతం ఎట్టవుద్ది?"

పెంచలయ్య ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. సుప్రియ ఆ పూటే పెట్టె కిందికి దించింది. పెట్టె వంక చూసి మధుబాబు ఆటో మాట్లాడాడు.

ఆదివారం సుప్రియ కొత్త చుడీదారు వేసుకుంది. పులిహోర కట్టుకుంది. తీరా ఆటో కాడికి పోతే లోపల పెంచలయ్య కూర్చుని ఉన్నాడు. ఎవరూ రమ్మనలేదు. ఒళ్ళో తాడు చుట్ట.

"తాడెందుకు మామా? నన్ను కట్టేసేదానికా?"

"ఊఁ."

మధుబాబు నవ్వలేదు. బయటికి చూస్తూ కూర్చున్నాడు.

కోనలో రాళ్ళ దారి. ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, దిగేవాళ్ళు దిగుతున్నారు. పులిహోర మొదటి మలుపులోనే కోతి ఎత్తుకుపోయింది. సుప్రియ దానికీ నవ్వింది. ఆ రోజు ఆమెకు ఏదీ నష్టం కాదు.

దారి పక్కన ఒకామె దోసకాయ ముక్కలు అమ్ముతోంది. వచ్చేపోయేవాళ్ళందరినీ కేకేసి పిలుస్తోంది. పెంచలయ్యను చూడగానే కేక ఆపేసింది. లేచి నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాస్త పైన జామకాయల మనిషి భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇక్కడ నీకు ఇంత మర్యాదా మామా!" సుప్రియ మురిసిపోయింది. ఇన్నాళ్ళూ అనవసరంగా ఆడిపోసుకున్నానే అనిపించింది.

పెంచలయ్య నడక ఆపలేదు.

చివరి మలుపు తిరగ్గానే కనపడింది. కొండంత గుండిగ వంచి ఎవరో గంజి వారుస్తున్నట్టు తెల్లగా, ఆవిరి కమ్ముతూ. కింద మడుగు నిండా జనం. కేకలు, ఈతలు, సెల్ఫీలు.

సుప్రియ చెప్పులు అక్కడే విడిచి పరుగెత్తింది. ఒక కాలు నీళ్ళలో పెట్టింది. నడినెత్తికి ఎక్కింది చల్లదనం.

"బుచ్చికి పోనులే," అంది మొగుడితో.

పెంచలయ్య ఒడ్డున రాతి మీద చతికిలబడ్డాడు. తాడు పక్కన పెట్టుకున్నాడు. అంత జలపాతం పడుతుంటే దాని వంక ఒక్కసారీ చూడలేదు. చూపంతా మడుగు మీదే.

ఇంతలో ఈల మోగింది. ఫారెస్టు వాచరు రాళ్ళ మీద పరుగెత్తుకొస్తూ ఊదుతున్నాడు. "బయటికి రండి! అందురూ బయటికి!" మడుగు ఖాళీ అయింది. సుప్రియ కూడా రెండో కాలు పెట్టకుండానే వెనక్కి రావలసి వచ్చింది.

"ఏందంట?" అంది పక్కనున్న కుర్రాణ్ణి.

"తెలీదక్కా. ఎవురో పెద్దాయన వచ్చినట్టున్నాడు."

వాచరు నేరుగా పెంచలయ్య కాడికే పోతున్నాడు.

"మా మామే," అంది సుప్రియ, కుర్రాడికి వినపడేలా.

వాచరు టోపీ తీశాడు. తాడు వంక చూసి, మడుగు వంక చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవురు మునిగినారన్నా, నాకింకా కబురే రాలేదే?"