దారి మరిచే సారు

"రాజమౌళి ఇల్లు ఎటు దిక్కమ్మా?"

బస్సు దిగిన ముసలి సారు, సిరిసిల్ల చౌరస్తాలో చాయ్ హోటల్ ముందు నిలబడి, ఊరంతా వినబడేలా అడిగాడు.

హోటల్ చంద్రవ్వ నవ్వాపుకుంది. "పోయిన బేస్తారం గూడ నన్నే అడిగినవ్ గద సారూ?"

"యాదుంటలేదమ్మా. గదే, కోర్టు ఇడిసిపెట్టిన రాజమౌళి."

అక్కడితో ఊరుకున్నాడా? పాన్ డబ్బా దగ్గర అడిగాడు. మూలమీద నిలబడ్డ పోలీసును అడిగాడు. సాంచాలు నడిచే షెడ్డులో తల పెట్టి, మగ్గాల మోతను మించి అరిచాడు.

ఇల్లు చేరేసరికి వాడకట్టు సగం ఆయన వెనకే ఉంది.

"రాజమౌళీ, మీ మామ అచ్చిండురో!" పక్కింటి నర్సయ్య కేకేశాడు.

రాజమౌళికి తల కొట్టేసినట్టయింది.

బందునాడు బస్సు అద్దాలు పగిలిన కేసు అతనిది. జైలుకు పంపే బదులు, నడత చక్కగా ఉండాలని చెప్పి జడ్జి ఇంటికి పంపాడు. ఆ నడతను చూసుకోవడానికి వచ్చే ప్రొబేషన్ ఆఫీసరే ఈ నర్సింగం సారు. ఉండేది జగిత్యాలలో.

అవి పాడు రోజులు. పగలు పోలీసు జీపు, రాత్రి నక్సలైటు అన్నలు. ఒకసారి కేసులో పేరు పడ్డవాడి కోసం జీపు మళ్ళీ ఎప్పుడైనా రావచ్చు. ఎక్కినవాడు తిరిగి ఇల్లు చేరితే ఆ ఇంట్లో పండుగే.

లోకం తనను మరిచిపోతే చాలు, బతికిపోతానని రాజమౌళి ఆశ. ఈ ముసలాయన మరవనిస్తేనా!

"సారూ, నీ కాల్మొక్త. జర ఎనుక సందుల కెల్లి సప్పుడు లేకుంట రారాదు?"

"ఎందుకయ్యా, దొంగతనానికి అస్తున్ననా?"

"ఇజ్జత్ పోతుంది. జైలు మనిషి, జైలు మనిషి అంటున్నరు."

"అననియ్. మనిషనే అంటున్నరు గద."

"పోనీ ఇంట్లకన్న రా."

"ఉక్కపోస్తది."

పుష్యమాసం చలిలోనూ ఆయనకు ఉక్కే. అరుగు మీద కూర్చుని, దారిన పోయే ప్రతి మనిషినీ ఆపేవాడు.

"ఏమవ్వా, ఈడు పనికి పోతుండా? నువ్వు కండ్లార సూసినవా?"

"సూసిన సారూ."

"ఇగో, నువ్వు గూడ సూడు. మంచిగ సూడు."

రాజమౌళి భార్య సుమిత్ర చాయ్ పెట్టి, గ్లాసు ఆయన ముందు ఠక్కున పెట్టేది. ఆ చప్పుడులోనే ఆమె తిట్టవలసినవన్నీ ఉండేవి. ఆయన మాత్రం, "చక్కెర మంచిగ పడ్డదమ్మా" అనేవాడు.

ఒక బేస్తవారం సాయంత్రం, కోనరావుపేట తోవలో మందుపాతర పేలింది.

తెల్లారి రాజమౌళి ఇంటి ముందు జీపు ఆగింది.

సుమిత్ర మొగుడి చెయ్యి వదల్లేదు. అంతలో చంద్రవ్వ చాయ్ గంటె చేతిలో ఉండగానే ఉరికొచ్చింది.

"నిన్న మాపటిదాక గీ అరుగు మీదనే ఉండె సారూ. ఆ ముసలి సారు తిడుతనే ఉండె, ఈడు పడుతనే ఉండె!"

"నేను సూసిన," అన్నాడు నర్సయ్య.

"మేం గూడ సూసినం," అన్నారు షెడ్డువాళ్ళు. పాన్ డబ్బావాడూ వచ్చాడు. అవ్వలూ వచ్చారు.

జీపులో ఉన్నాయన అందరి ముఖాలూ చూశాడు. ఇంత మంది నోళ్ళు మూయించడం కష్టమనుకున్నాడో ఏమో, జీపు ఖాళీగా మళ్ళింది.

రాజమౌళి పోయి వేములవాడ గుడిలో రాజన్న దేవుడికి మొక్కుగా కోడెను కట్టి వచ్చాడు.

మళ్ళీ బేస్తవారం సారు రాగానే ముఖం మీదే అన్నాడు. "నాకు రాజన్న ఉన్నడు. ఇగ నువ్వు రాకున్న నడుస్తది."

"రాజన్న బస్సుల రాడు గదనయ్యా. నేనే అస్త తీ," అని నవ్వాడు సారు.

గడువు తీరిననాడు, "ఇగ నేను రానయ్యా, పైలం" అని లేచాడు. రాజమౌళి కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. పీడ వదిలిందనుకున్నాడు.

కాలం తిరిగింది. సాంచాలు తుక్కు కింద అమ్ముడుపోయాయి. చంద్రవ్వ లేదు, ఆమె హోటలూ లేదు. ఇప్పుడు ఆ వాడకట్టులో పక్కింట్లో ఎవరున్నారో పక్కింటికి తెలియదు. మనిషి బతికున్నాడా అని అడిగే దిక్కు లేదు. బేస్తవారం వస్తే రాజమౌళికి చెవుల్లో సారు కేకే మోగేది. అప్పుడు కంపరం పుట్టించిన గొంతే, ఇప్పుడు వినాలనిపించేది.

ధర్మపురి పోతూ ఒకనాడు జగిత్యాలలో దిగి, అడుగుతూ అడుగుతూ సారు ఇల్లు పట్టుకున్నాడు.

సారు భార్య దేవమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. ఆయన పోయి ఏడాదయిందని చెప్పింది.

రాజమౌళి తన పేరు, ఊరు చెప్పి గడప పక్కన కూర్చున్నాడు. "మస్తు సతాయించిండమ్మా నన్ను. పాపం, అచ్చినప్పుడల్ల దారి మరిసిపోయేటోడు."

దేవమ్మ చేట ఆపింది. "ఆయన మరుసుడా? సిరిసిల్లల ఏ సందు యాడ తేలుతదో పండుకోని గూడ చెప్పేటోడు. పదిమందికి నువ్వు ఎరుకుండాలెనని మరిసినట్టు జేసేటోడు కొడుకా."

నర్సయ్య, అవ్వలు, గంటె పట్టుకుని ఉరికొచ్చిన చంద్రవ్వ... అందరూ రాజమౌళి కళ్ళ ముందు నిలబడ్డారు.

"మాకు గూడ నీ ఈడు పిలగాడు ఉండె," అంది దేవమ్మ. "ఇటు జీపుకు, అటు అన్నలకు దొరకొద్దని మీ సారే కోరుట్లల ఒక కిరాయి అర్రల పెట్టిండు. పక్కింటోళ్ళకు గూడ తెల్వనియ్యలె."

"మరి ఏమాయెనమ్మా?"

"అడివిల కాల్పులల్ల సచ్చిండని పోలీసులు చెప్పిండ్రు."

ఆమె మళ్ళీ చేట అందుకుంది.

"ఆ పొద్దు మా పిలగాడు అర్రలనే ఉండెనని చెప్పెతందుకు ఒక్క మనిషి లేకపాయె కొడుకా, అంత మంచిగ దాసిండు మీ సారు."