రాజుగారి చెవిలో పేరు

పాములతో పోరులో పేరు మోసిన ముంగిస ఎర్రప్పను సింహరాజు ఏరికోరి తన వెంట ఉంచుకున్నాడు. కొలువుకు ఎవరొచ్చినా, వాళ్ల పేరూ ఇంటి కష్టమూ వెనకనుంచి రాజు చెవిలో ఊదడం ఎర్రప్ప పని.

"ఏమమ్మా జింకమ్మా, నీ పిల్ల కాలు నయమైందా?" అని రాజు అడిగితే అడవి మురిసిపోయేది.

అలాగే ఎర్రప్ప మీసాలు నెరిశాయి. అతను కొలువు వదిలే రోజున రాజు అందరి ముందూ లేచాడు.

"నా ప్రాణానికి ప్రాణమైన ఈ..." అంటూ ఆగి, అలవాటుగా చెవి వెనక్కి వంచాడు.

ఎర్రప్ప ముందుకు జరిగి గుసగుసగా అన్నాడు: "ఎర్రప్ప, ప్రభూ. కిందటేడు పెళ్లాం పోయింది."

"ఎర్రప్పా! పెళ్లాం పోయిన దుఃఖంలోనూ నన్ను వదల్లేదయ్యా నువ్వు!" అన్నాడు రాజు.

కొలువంతా కళ్లు తుడుచుకుంది. "చూశారా, మన రాజుగారు ఎవర్నీ మరిచిపోరు!"