ఎల్లమ్మ వయసు

పదకొండింటికి ప్రారంభోత్సవం. ఇంకో పది నిమిషాలుందనగా ప్రభుదాస్ చేతులు ఆగిపోయాయి.

హైటెక్ సిటీ కంపెనీ నుంచి సర్వర్‌తో పాటు వచ్చిన మనిషతను. విశ్వవిద్యాలయం లైబ్రరీ బీరువాల్లో మగ్గుతున్న థీసిస్‌లన్నీ స్కాన్ చేసి, ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకునేలా పెట్టడం పని. అతనికి అవన్నీ నంబర్లే. ఇన్నాళ్లూ పరిశోధన గైడు దగ్గర్నుంచి ఉత్తరం తెస్తే తప్ప ఆ బీరువాల తాళం తీసేవారు కాదు. ఇంకెవరు చదువుతారు?

"మేడం, గిదేంది? ఖాజాగూడల నలభై ఇండ్ల సర్వే. ఎనభై మూడుల వచ్చిన థీసిస్‌ల ఎల్లమ్మకు ముప్పై రెండేండ్లు. తొంభైల వచ్చినదాంట్ల గూడ ముప్పై రెండే. ఏడేండ్లల్ల ఊర్ల ఒక్కరికి గూడ వయసు పెరగలే."

లైబ్రేరియన్ కిరణ్మయి తెర వైపు వంగి చూసింది. పక్కనున్న ప్రొఫెసర్ నరసింహమూర్తిగారికి చెమటలు పట్టాయి. రెండింటికీ గైడు ఆయనే. ప్రభుదాస్‌ని టీకి పంపి తలుపు వేశారు.

"ఆ రెండోది తీసెయ్యమ్మా. ఎవడడుగుతాడు?"

"మొదటిది రాహేలు ఎండలో ఇల్లిల్లూ తిరిగి రాసిందండి. యూనివర్సిటీలో ఉద్యోగం ఆవిడకి రావలసింది. కాపీ కొట్టిన మనిషికి వచ్చింది. ఆవిడేమో బాచుపల్లి స్కూల్లో ఒకటో క్లాసుకి చెప్పుకుంటోంది."

"నాలుగు నెలల్లో రిటైరవుతున్నాను. చదవకుండా సంతకం పెట్టానని అందరూ నవ్వాలా?"

"నవ్వనివ్వండి."

ఆయన గొంతు తగ్గించారు. "డిగ్రీ పోతుంది, ఉద్యోగం పోతుంది. పిల్లలున్న సంసారం. నా మాట విను."

"పిల్లలు రాహేలుకీ ఉన్నారండి."

వరండాలో వైస్ ఛాన్సలర్ గారి మాటలు వినిపిస్తున్నాయి. ఇంకో రెండు నిమిషాల్లో లోపలికి వచ్చేస్తారు. ఒక మీట నొక్కితే ఆ థీసిస్ మాయం. ఇంకోటి నొక్కితే ఊరూవాడా చదువుతుంది. ప్రొఫెసర్ గారు కీబోర్డుకి చెయ్యి అడ్డం పెట్టారు.

కిరణ్మయికి భయమేసింది. అయినా ఆయన చెయ్యి పక్కకి జరిపి నొక్కేసింది.

"ఎంత పని చేశావమ్మా" అంటూ ఆయన కుర్చీలో కూలబడ్డారు.

తెర మీద రెండో థీసిస్ మొదటి పేజీ తెరుచుకుంది: పరిశోధకురాలు, కిరణ్మయి.