తెర కింద నెత్తళ్లు

విమానాలు ఆకాశంలో తెల్లటి పొడి చల్లి తెర కట్టినప్పటి నుంచి వడగాలులు ఆగాయి. ఎండలో పస కూడా పోయింది. ఇసుకలో పరిచిన నెత్తళ్ల చేపలు ఎన్నాళ్లకీ ఎండక కంపు కొడుతున్నాయి. మంట మీద ఆరబెడదామంటే ఊళ్లో కట్టెలు ఎప్పుడో అయిపోయాయి. నూకరత్నం గొడ్డలి తీసుకుని మొగుడి తెప్ప మీద పడింది.

"దాన్ని కాల్చేత్తే రేపు నా కొడుకు ఏటకి దేనిమీదెల్తాడే?" అత్త లబోదిబోమంది.

"ముందు రేపటికి పిల్లకి కూడుండాల కదత్తా!"

తెప్ప దుంగల మంట మీద చేపలు ఆరబెడుతుంటే పైన విమానం మోత వినిపించింది. శాపనార్థాలు పెట్టబోయి తలెత్తింది. ఎదురుగా, తెర రాకముందు వడదెబ్బకు పోయిన పెద్ద కూతురి గౌను తొడుక్కుని చిన్నది మిట్టమధ్యాహ్నం ఇసుకలో గెంతుతోంది.

నూకరత్నం నోటి దాకా వచ్చిన శాపం మింగేసి, మంటలోకి ఇంకో దుంగ తోసింది.