చెల్లని పేరు

"అమ్మా, అమ్మా! ఆ కీబోర్డు ముట్టుకోకండి!"

గుమ్మంలోంచే కేక పెట్టాడు తాళం.

అతని కుర్చీలో ఎవరో ముసలావిడ కూర్చుని ఉంది. కుడిచెయ్యి చచ్చుబడి ఒళ్లో పడి ఉంది. ఎడమచేత్తో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొడుతోంది. పక్కన ఆవిడ తమ్ముడు చేతిసంచీ పట్టుకుని నిలబడ్డాడు.

తాళం అన్నది అతని అసలు పేరేం కాదు. మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చిపెట్టే కంపైలర్‌కి అతను పెద్దదిక్కు. అందులోకి ఏ కొత్త మార్పు రావాలన్నా అతను ఒప్పుకోవాలి. అతను చస్తే ఒప్పుకోడు. అందుకని ఆఫీసులో అందరూ చాటుగా పెట్టుకున్న ముద్దుపేరు అది.

"నేనే కూర్చోబెట్టాను సార్," అంది జూనియర్ అమ్మాయి భయపడుతూ. "రోజూ మెయిల్ పెడుతున్నారని చెప్పానే, వీళ్లే."

ఆవిడ కొట్టడం ఆపి తెర వంక చూసింది. రాసిన ప్రోగ్రాము చక్కగానే ఉంది. కానీ అందులో ఒక్కో లెక్కకీ గుర్తుగా రాసేవాళ్లే పెట్టుకునే పేర్లన్నీ సొంత భాషలో రాసింది. ప్రతి పేరు పక్కనా ఎర్రటి అక్షరాల్లో ఒకటే మాట. చెల్లని పేరు.

"ఇంగ్లీషు అక్షరాలైతేనే తీసుకుంటుందండీ," అన్నాడు తాళం.

"అదే కదా బాబూ మా గోడు. పక్షవాతం వచ్చాక అక్కకి ఇంగ్లీషు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. చిన్నప్పటి భాష ఒక్కటే మిగిలింది. మీ దాంట్లో ఉండే ఆ నాలుగు ఇంగ్లీషు ముక్కలూ ఎలాగో బట్టీపట్టింది. పేర్ల దగ్గరే ఆగిపోతోంది."

"ఈ వయసులో ఆవిడకి ప్రోగ్రాములెందుకండీ? హాయిగా టీవీ చూసుకోక!"

"మా అక్క ఒకప్పుడు ఇదే పని..."

"ఒకప్పుడు అందరూ ఏదో ఒకటి వెలగబెట్టినవాళ్లేనండీ."

జూనియర్ అమ్మాయి ఊరుకోలేదు.

"సార్, ఏ భాష అక్షరాలైనా తీసుకునేలా నేను రాసిపెట్టాను. మీరు ఊ అంటే చాలు."

"అనను. చూడ్డానికి అచ్చం ఒకేలా ఉండే అక్షరాలు వేరే వేరే భాషల్లో ఉంటాయి. ఒకటనుకుని ఇంకోటి వాడతారు. అప్పుడు పుట్టే తప్పులు ఎవడు వెతుకుతాడు, నువ్వా?"

"దానికీ హెచ్చరిక పెట్టాను సార్."

"అమ్మాయ్! ఇది నువ్వు పుట్టకముందు రాసిన కంపైలర్. ఎన్ని కంపెనీల చేతులు మారి మన దగ్గరికొచ్చిందో! ఇంగ్లీషు అక్షరాలు చాలని రాసినాయన పెట్టాడంటే, తెలియక పెట్టాడా? ఆ మహానుభావుడి మాట నేను దాటను."

అతని గొంతులో నిజంగానే భక్తి ఉంది.

ముసలావిడ అతని మొహంలోకి చూసింది. పెదవులు కదిలాయి. మాట పెగల్లేదు. ఎంతో తంటాలు పడి ఒక్క ముక్క అంది.

"తప్పు."

"ఎవరిదండీ తప్పు? నాదా?" తాళానికి చిర్రెత్తుకొచ్చింది.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఎడమచెయ్యి తన గుండెల మీద పెట్టుకుంది.

"సరే సరే. నా కుర్చీలో కూర్చున్నందుకు నేనేం అనుకోన్లెండి. వచ్చే వెర్షన్‌లో చూద్దాం."

వచ్చే వెర్షన్ అంటే ఎప్పటికీ కాదని ఆఫీసులో అందరికీ తెలుసు. తమ్ముడికి తెలియదు, పాపం. "వచ్చేసారి చేస్తారట అక్కా," అంటూ ఆవిడని జాగ్రత్తగా మెట్లు దింపుకుని తీసుకెళ్లాడు.

వచ్చేసారి రానే వచ్చింది. తాళం ఊ అనలేదు. ఆ తర్వాతిసారీ అంతే.

చివరికి పైనుంచి హుకుం వచ్చింది. పోటీ కంపెనీవాళ్లు అన్ని భాషల పేర్లూ తీసుకుంటున్నారట, జనం అటు పోతున్నారట. తాళం కిక్కురుమనకుండా ఊ అన్నాడు. ఒక్కపూటలో పనైపోయింది. ఈ మాత్రానికా ఇన్నాళ్లు ఆపానని లోపలెక్కడో కలుక్కుమంది.

"ఆ పెద్దావిడకి మీరే చెప్పండి సార్. సంతోషిస్తుంది," అంది జూనియర్ అమ్మాయి.

ఫోన్ చేశాడు. తమ్ముడు ఎత్తాడు.

"మీ అక్కగారిని ఇక రాసుకోమనండి. పేర్లు ఏ భాషలో పెట్టినా తీసుకుంటుంది."

"అక్క పోయింది బాబూ. వానలు మొదలవకముందే."

"అయ్యో..."

"చివరిదాకా రోజూ కొట్టి చూసుకునేది. ఎర్రగా వచ్చేది. మళ్లీ కొట్టేది. కట్టేద్దామక్కా అంటే వినేది కాదు."

"క్షమించండి. నా వల్లే..."

"మిమ్మల్ని ఏమీ అనుకోలేదు బాబూ. కోపమంతా తన మీదే. ఆ రోజే చెబుదామనుకున్నాను, మీరు చెప్పనివ్వలేదు. ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఇంకేవీ రానివ్వకూడదని, ఆ కంపైలర్ మొట్టమొదట రాసినప్పుడు పెట్టింది అక్కే."