గుమ్మం ముందు దగ్గు

గుమ్మం ముందు ఎవరో దగ్గారు.

కరోనా మళ్లీ ముదురుతున్న రోజులు. నేతపనికి రాష్ట్రం దాటి వచ్చి గోడాదరాలో ఉంటున్న తెలుగువాళ్లు కుక్క మొరిగితే తలుపు తీయరు, దగ్గు వినబడితే మాత్రం గల్లీలోకి వచ్చేస్తున్నారు.

పద్మారాణి తలుపు సందులోంచి చూసింది. మాస్కు పెట్టుకున్న నడివయసు మనిషి.

"ఎవలు గావాలె?"

"రాజమల్లన్న ఇల్లు గిదేనా చెల్లె? దవాఖాన నుంచి డాక్టర్ సాబ్ తోలిండు. బిడ్డ ఎట్లున్నది?"

గొంతు బొంగురుగా ఉంది. పైగా దవాఖాన నుంచి! పద్మారాణి కేక పెట్టింది, గల్లీ జనం పోగయ్యారు.

లోపల చాప మీద కూతురు రుచిత పడుకుని ఉంది. పదిహేనేళ్ల పిల్ల. పొద్దున ఫిట్స్ వచ్చి నాలుక కరుచుకుంది. ఎన్ని గోలీలు మార్చినా ఆ ఫిట్స్ ఆగడం లేదు.

ఛాతీలో చర్మం కింద చిన్న మిషన్ పెట్టి, దాని తీగను మెడలోని నరానికి చుడతామన్నాడు డాక్టరు. సన్నగా కరెంటు పోతూ ఉంటే ఏళ్ల మీద ఫిట్స్ తగ్గుతాయట. ఔనో కాదో సాయంత్రానికల్లా చెప్పాలి.

బట్ట నేసే సాంచాల మీద షాకు కొట్టి మనుషులు పోవడం చూసినవాడు పద్మారాణి భర్త రాజమల్లు. కూతురి మెడలో కరెంటంటే అతనికి వణుకు. అలాంటిది పెట్టుకున్నవాళ్లను గల్లీలో ఎవరూ చూడలేదు కూడా.

రాత్రంతా సాంచాలు నడిపి, ఫోన్ బంద్ చేసి పడుకున్న రాజమల్లు లొల్లికి లేచి వచ్చాడు.

"ఏంది లొల్లి?"

"అన్నా, నేను..." ఆ మనిషికి మాట పెగల్లేదు. మళ్లీ దగ్గు తెర.

"దవాఖానల బీమారి అంటించుకొని మా ఇంటికొచ్చినవా?"

"బీమారి గాదన్నా. జర గిది చూడు..."

అతను మాస్కు కిందికి లాగాడు. అంగీ పై గుండీ విప్పబోయాడు.

"మాస్కు తీస్తుండు సూడుండ్రి!" అని అరిచింది ఎదురింటి సారక్క. ఫినాయిల్ నీళ్ల బకెట్టు తెచ్చి అతని మీద కుమ్మరించింది.

ఎవరో కర్రతో తోశారు. తడిసిన బట్టలతో అతను తలుపు వైపే చూశాడు.

"బిడ్డకొక్కపారి చూపిచ్చి పోతనన్నా."

"నువ్వేం చూపిస్తవ్? నడువ్ ఈడికెల్లి!"

అతను వెళ్లిపోయాడు. సారక్క బ్లీచింగ్ చల్లింది. గల్లీ అంతా ఆమెను మెచ్చుకుంది. ధైర్యమంటే అదేనట.

సాయంత్రం దవాఖాన నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసి, ఏమనుకున్నారని అడిగింది.

"వద్దు మేడం. మీ దవాఖాన మనిషే దగ్గుకుంట తిరుగుతుండు. గసొంటి కాడికి పిల్లను ఎట్ల తోల్తం?" అన్నాడు రాజమల్లు.

కొద్దిరోజులకే ఆ దవాఖాన మొత్తం కరోనా వార్డయింది. మిగతా ఆపరేషన్లన్నీ ఆగిపోయాయి.

మే నెలలో ఒక మధ్యాహ్నం రుచిత నీళ్ల టబ్బు ముందు కూర్చుని తల కడుక్కుంటూ ఒరిగిపోయింది. పొయ్యి దగ్గరున్న పద్మారాణికి పక్క కార్ఖానా సాంచాల మోతలో ఏమీ వినబడలేదు. వచ్చి చూసేసరికి పిల్ల ముఖం నీళ్లలో ఉంది.

పాడె పట్టడానికి గల్లీలో ఒక్కరూ రాలేదు. కరోనా అనుకున్నారు.

వానలు మొదలయ్యాక డాక్టరే ఫోన్ చేశాడు. ఆపరేషన్లు మళ్లీ మొదలయ్యాయి, పిల్లను తీసుకురమ్మన్నాడు.

"పిల్ల లేదు సార్."

 డాక్టరు హిందీలో మెల్లగా అడిగాడు.

"నువ్వు జవాబు చెప్పాల్సిన రోజు నీ ఫోన్ కలవలేదు. ముందుగా చెప్పకుండానే సాంబయ్యను పంపాను. సలాబత్‌పురాలో సాంచాలు నడుపుతాడు, మీ తెలుగువాడే. రాలేదా?"

రాజమల్లు గుమ్మం వైపు చూశాడు.

"వచ్చిండు సార్. దగ్గుతుండె. నీళ్లు పోసి ఎల్లగొట్టినం."

అవతల డాక్టరు నిట్టూర్చాడు.

"ఆ మిషన్ పెట్టుకుని బతికినవాణ్ని ఒక్కణ్నైనా చూపించమని అడిగావు కదా రాజమల్లూ, మెడలో ఆ తీగతో పన్నెండేళ్లుగా బతుకుతున్నవాడు సాంబయ్య, మిషన్ నరాన్ని తట్టినప్పుడల్లా అతనికి ఆ దగ్గు వస్తుంది."